ఆకాశానికి అంచు ఉందా? – వైను బప్పు జీవితం



ఈ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంపాదక వర్గం తమ్ముళ్ళు అడిగారు. అంబేడ్కర్ గారి గురించి, పూలే గారి గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, రాయాలి కూడా. నేను ఈసారి ఆకాశం కేసి చూసిన మనిషిని ఎంచుకున్నాను. దానికి కారణం మన హాస్టల్ మిద్దె.

ఎండాకాలం రాత్రుల్లో కరెంటు పోతే చాపలు చంకన పెట్టుకుని మిద్దె ఎక్కడం మన అందరికీ తెలిసిందే. బెళుగుప్పలో మబ్బు పట్టని ఆకాశం రైతుకు శాపం. చెనక్కాయ విత్తనం చేతిలో పట్టుకుని మొగులు కేసి చూసే మన నాయనలకు చుక్కలు కనబడితే గుండె జారిపోయేది. మాకు మాత్రం ఆ చుక్కలే సినిమా. ఒక రాత్రి మా జట్టులో ఒకడు ఉన్నట్టుండి అడిగాడు, ఈ ఆకాశం ఎక్కడ అయిపోతుందని. అయిపోతే, ఆ గోడకు అవతల ఏముంటుందని. అయిపోకపోతే, పోతూనే ఉండే వస్తువు ఎలా ఉంటుందని. ఇంకొకడు లేచి, ఇలాంటివి కోట్ల లోకాలు ఉన్నాయి, దేవుణ్ణి అనంతకోటి బ్రహ్మాండ నాయకుడని భజనలో అనడం వినలేదా అన్నాడు. తెల్లవారుజాము దాకా వాదులాడుకున్నాం. మరుసటి రోజు లెక్కల పిరియడులో అందరం నిద్రపోయి బెంచీ ఎక్కాం.

ప్రశ్న అడిగినవాడు పదో తరగతి దాటలేదు. కరువు ఏడాది వాళ్ళ ఇంట్లో వాళ్ళంతా బెంగళూరుకు బేల్దారి పనికి పోతే వాడూ పోయాడు. ఆకాశం ఎంత పొడవుందో కొలవడం కూడా ఒక ఉద్యోగమని, దానికి జీతం ఇస్తారని మాకు ఎవరికీ తెలియదు. నాకు తెలిసేసరికి డిగ్రీ అయిపోయింది. అప్పుడు చదివిన పేరు వైను బప్పు.

పూర్తి పేరు మనాలి కల్లాట్ వైను బప్పు. 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. వాళ్ళది కేరళలోని తలశ్శేరి ప్రాంతపు కుటుంబం. తల్లిదండ్రులకు ఒక్కడే సంతానం. తండ్రి హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు కాబట్టి ఆ పిల్లవాడు పెరిగింది, చదివింది హైదరాబాదులోనే. అందుకే ఆయన్ను మన తెలుగునేల పెంచిన బిడ్డ అని నేను చెప్పుకుంటాను.

నిజామియా గురించి రెండు మాటలు చెప్పకపోతే కథ అర్థం కాదు. నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన సొంత డబ్బుతో పెద్ద దుర్భిణీ తెప్పించి దాన్ని మొదలుపెట్టారు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. తర్వాత బేగంపేటకు మారింది. ఆ రోజుల్లో ప్రపంచంలోని కొన్ని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని, ఒక్కో ముక్కను ఫొటో తీసి, అందులోని ప్రతి చుక్క స్థానాన్ని కొలిచి పట్టిక రాసే పని పెట్టుకున్నాయి. పొలం సర్వే చేసి అడంగల్ రాసినట్టే అనుకోండి. హైదరాబాదు వంతుకు వచ్చిన ముక్కలో నాలుగు లక్షలకు పైగా నక్షత్రాలను కొలిచి పన్నెండు సంపుటాలు అచ్చువేశారు. ఇందుకు ముప్పై ఏళ్ళు పట్టింది. గాజు పలక మీది చుక్కను కంటితో చూసి అంకెలు రాసుకోవడం, మళ్ళీ ఇంకో చుక్క. ఆ పనిని నేను చాలా గొప్పదిగా భావిస్తాను. విశ్వం అనంతమా కాదా అని మేము మిద్దె మీద ఒక్క రాత్రి వాదించాం. వాళ్ళు ముప్పై ఏళ్ళు లెక్కబెట్టారు.

అలాంటి చోట తిరుగుతూ పెరిగిన వైను కాలేజీ రోజుల్లోనే వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాలను గమనించి పరిశోధన వ్యాసాలు అచ్చువేయించారు. నిజాం కాలేజీలో చదివి, మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఫిజిక్సులో ఎమ్మెస్సీ పట్టా పొందారు. ఇక ఇక్కడ నుంచి ఎక్కడికి పోవాలి? మన దేశంలో అప్పటికి ఆధునిక ఖగోళశాస్త్రం నేర్పే చోటు లేదనే చెప్పాలి. అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీకి డైరెక్టరుగా ఉన్న హార్లో షాప్లీ చొరవతో, హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో 1949లో ఆయన హార్వర్డ్ చేరారు. స్కాలర్‌షిప్పు మీద చదివే మనకు ఆ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఈ షాప్లీ గారి దగ్గర కొంచెం ఆగుదాం. మా మిద్దె మీది గొడవే అంతకు ముందు ఆయనకూ జరిగింది. 1920 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో ఆయన, హెబర్ కర్టిస్ అనే మరో శాస్త్రజ్ఞుడు ఒకే వేదిక మీద వాదించుకున్నారు. మనకు రాత్రి కనబడే పాలపుంతే మొత్తం విశ్వమా, లేక అలాంటి విశ్వాలు ఇంకా ఉన్నాయా అన్నది ప్రశ్న. ఆకాశంలో అక్కడక్కడా మసకగా మచ్చల్లాంటివి కనబడతాయి. అవి మన పాలపుంత లోపలి ధూళి మబ్బులని షాప్లీ వైపు వాదన. కావు, అవి ఒక్కొక్కటి మనలాంటి వేరే విశ్వమని కర్టిస్ వాదన. సముద్రంలో దీవుల్లా విడివిడిగా ఉన్నాయని వాటిని ద్వీప విశ్వాలని పిలిచేవారు. అంటే విశ్వాలు ఎన్ని అన్న మాట నూరేళ్ళ క్రితమే సైన్సు సభలోకి వచ్చిందన్నమాట. అంతకు చాలా ముందే, లెక్కలేనన్ని లోకాలున్నాయని చెప్పిన బ్రూనో అనే ఇటలీ దేశస్థుణ్ణి 1600లో రోము నగరంలో సజీవంగా కాల్చేశారు. ఆయన మీద మోపిన నేరాల్లో ఇదీ ఒకటి.

షాప్లీ, కర్టిస్ వాదన తేలింది మాటలతో కాదు, కొలతతో. మౌంట్ విల్సన్ కొండ మీది వంద అంగుళాల దుర్భిణీతో ఎడ్విన్ హబుల్ 1923లో ఆండ్రోమెడా అనే మసక మచ్చలో ఒక నక్షత్రాన్ని పట్టుకున్నారు. దాని వెలుగు పెరిగి తరిగే తీరు నుంచి దాని అసలు కాంతి తెలిసింది, అసలు కాంతి నుంచి దూరం తెలిసింది. అది పాలపుంతకు చాలా అవతల ఉంది. ఇప్పటి లెక్క ప్రకారం ఆండ్రోమెడా దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. కాంతి ఒక ఏడాదిలో పోయే దూరం దాదాపు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. మిగతా గుణకారం తమ్ముళ్ళు చేసుకోండి. షాప్లీ ఓడిపోయారు, ఓటమిని ఒప్పుకున్నారు. విశ్వం చిన్నదని నమ్మి తప్పని తెలుసుకున్న ఆ పెద్దమనిషే, పాతికేళ్ళ తర్వాత హైదరాబాదు కుర్రవాడికి హార్వర్డ్ తలుపు తెరిచారు.

హార్వర్డ్ చేరిన కొద్ది నెలలకే, 1949 జూలై 2 రాత్రి, బప్పు తీసిన ఫొటో పలక మీద కొత్త తోకచుక్క కనబడింది. గురువు బార్ట్ బోక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకర్క్ కలిసి దాన్ని ధ్రువపరిచారు. అది బప్పు–బోక్–న్యూకర్క్ తోకచుక్క అయింది. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు నిండలేదు. దాని దారి లెక్కగడితే మళ్ళీ ఇటు రావడానికి సుమారు 60 వేల ఏళ్ళు పడుతుందని తేలింది. పసిఫిక్ ఖగోళ సంఘం డోనహో పతకం ఇచ్చింది.

1952లో డాక్టరేటు వచ్చింది. వెంటనే కార్నెగీ ఫెలోషిప్పు మీద మౌంట్ విల్సన్, పాలొమార్ అబ్జర్వేటరీలకు వెళ్ళారు. అవి అప్పట్లో ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద దుర్భిణీలు ఉన్న చోట్లు. హబుల్ పనిచేసిన కొండ కూడా అదే. అక్కడ ఓలిన్ విల్సన్‌తో కలిసి చేసిన పని వల్లనే ఈ రోజుకీ ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది.

ఆ పని ఏమిటో చెబుతాను, కష్టమేమీ కాదు. రాత్రి మిద్దె మీద నిలబడితే కళ్యాణదుర్గం రోడ్డు వైపు ఒక లైటు కనబడిందనుకోండి. అది దగ్గర చేనులో ఎవరో పట్టుకున్న బ్యాటరీ లైటా, దూరాన వస్తున్న లారీ లైటా? కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. అది లారీ లైటే అని ఎలాగో తెలిస్తే, ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు. ఎందుకంటే దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. నక్షత్రాలతో చిక్కు ఇదే. వెలుగు కనబడుతుంది గానీ అసలు కాంతి ఎంతో తెలియదు. విల్సన్, బప్పు ఆ అసలు కాంతిని నక్షత్రమే చెప్పేలా చేశారు. నక్షత్రపు వెలుగును ఇంద్రధనుస్సులా విడదీస్తే అందులో నల్లని గీతలు కనబడతాయి. వాటిలో కాల్షియం, అంటే మన సున్నంలో ఉండే మూలకం, వేసే గీత ఒకటి ఊదారంగు చివర ఉంటుంది. సూర్యునిలాంటివి, సూర్యునికన్నా చల్లనివి అయిన నక్షత్రాల్లో ఆ నల్ల గీత నడుమ సన్నని వెలుగు గీత ఉంటుంది. ఆ వెలుగు గీత ఎంత వెడల్పుంటే నక్షత్రం అసలు కాంతి అంత ఎక్కువ. నూట ఎనభైకి పైగా నక్షత్రాలను కొలిచి వాళ్ళు ఈ సంగతి 1957లో ప్రకటించారు. దాన్ని విల్సన్–బప్పు ప్రభావం అంటారు. మిణుకుమనే చిన్న చుక్క నుంచి మహా కాంతి గల చుక్క దాకా ఒకే నియమం నడుస్తుంది. గీత వెడల్పు కొలువు, కాంతి తెలుసుకో, దూరం లెక్కగట్టు.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఒక సంగతి గమ్మత్తుగా తోస్తుంది. అదే 1957లో హ్యూ ఎవరెట్ అనే అమెరికా కుర్రవాడు, క్వాంటం సిద్ధాంతాన్ని ఉన్నదున్నట్టు నమ్మితే ప్రతి అవకాశానికి ఒక శాఖగా లోకాలు చీలిపోతూ ఉంటాయనే అర్థం వచ్చే వ్యాసం అచ్చువేశారు. బహుళ విశ్వాల గురించి ఇవాళ మాట్లాడే వాళ్ళు ఆ వ్యాసాన్ని తలుచుకుంటారు. ఒకే ఏడాది ఒకరు కాగితం మీద కోట్ల లోకాలు చూశారు, ఇంకొకరు గాజు పలక మీద వెంట్రుకవాసి గీతను కొలిచారు. నేను రెండో ఆయన పక్షం. మొదటాయన తప్పని కాదు. డెబ్బై ఏళ్ళు కావస్తున్నా ఆ లోకాల్లో ఒక్కదాన్నైనా చూసి రుజువు చేసే దారి ఎవరికీ దొరకలేదు. బప్పు గీతను మాత్రం దుర్భిణీ ఉన్నవాళ్ళు ఎవరైనా మళ్ళీ కొలిచి సరిచూసుకోవచ్చు.

ఆ వ్యాసం వచ్చేసరికి బప్పు అమెరికాలో లేరు. 1953లోనే తిరిగి వచ్చేశారు. ఇదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం. పేరు వచ్చింది, చేతి కింద లోకంలోకెల్లా పెద్ద దుర్భిణీ ఉంది, వయసు ఇరవై ఆరు. వదులుకుని వస్తే ఇక్కడ ఏముంది? నక్షత్రాల మీద పని చేయడానికి పనికివచ్చే పెద్ద దుర్భిణీ దేశంలో ఒక్కటీ లేదు. 1954లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ అబ్జర్వేటరీ బాధ్యత తీసుకున్నారు. అది అప్పుడే కాశీలో మొదలైన సంస్థ. అక్కడి ఆకాశం పనికిరాదని దాన్ని నైనిటాల్ కొండలకు మార్పించారు. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీకి డైరెక్టరయ్యారు. కొడైకెనాల్ సూర్యుని పరిశోధనకు పేరున్న చోటు, కానీ రాత్రి ఆకాశానికి అంత అనుకూలం కాదు. అందుకని కొత్త చోటు వెతకడం మొదలుపెట్టారు.

ఆ చోటు తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు. మన కుప్పం దాటితే ఎంతో దూరం కాదు. సముద్రమట్టానికి సుమారు 725 మీటర్ల ఎత్తు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఉత్తర చుక్కలతోపాటు దక్షిణపు చుక్కలు కూడా బాగా కనబడతాయి. చుట్టూ అడవి, ఊళ్ళ దీపాలు లేవు. విదేశాల నుంచి కొనేదాకా ఆగకుండా తమ వర్క్‌షాపులోనే 38 సెంటీమీటర్ల దుర్భిణీ తయారు చేసుకుని 1960ల చివర్లో అక్కడ పని ప్రారంభించారు. 1971లో భారత ఖగోళ భౌతిక సంస్థ స్వతంత్ర సంస్థగా ఏర్పడింది, బప్పు దానికి డైరెక్టరు. తర్వాత దాని ముఖ్య కార్యాలయం బెంగళూరుకు మారింది. మా మిత్రుడు ఇటుకలు మోసిన ఊరు కూడా అదే.

1972లో కావలూరుకు జర్మనీ నుంచి ఒక మీటరు దుర్భిణీ వచ్చింది. అది వచ్చిన ఏడాదే గురుగ్రహపు చందమామ గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డుగా వచ్చినప్పుడు గమనించి, దానికి పలుచని వాతావరణం ఉన్నట్టు ఆనవాళ్ళు పట్టారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రం ముందునుంచి పోతుండగా, అసలు గ్రహం అడ్డుపడకముందే నక్షత్రం మినుకుమంది. యురేనస్‌కు వలయాలున్నాయని ఆ రాత్రి అమెరికా శాస్త్రజ్ఞులు విమానంలోంచి పట్టుకున్నారు, కావలూరు వాళ్ళు అడవిలోంచి పట్టుకున్నారు. ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అయినా బప్పుకు తృప్తి లేదు. మన దేశంలోనే, మన చేతులతో పెద్ద దుర్భిణీ కట్టాలన్నది ఆయన పట్టుదల. అద్దం అడ్డుకొలత 2.34 మీటర్లు. ఇద్దరు మనుషులు పక్కపక్కన చేతులు చాపి నిలబడితే వచ్చే పొడవులో ఇంచుమించు మూడింట రెండు వంతులు. గాజు దిమ్మ బయటినుంచి తెప్పించినా దాన్ని అరగదీసి నునుపు చేసింది బెంగళూరులోని మన పనివాళ్ళే. అద్దం నునుపు వెంట్రుక మందంలో వెయ్యో వంతు తేడా వచ్చినా పనికిరాదు. ఏళ్ళు పట్టింది.

ఈలోగా గౌరవాలు వచ్చాయి. 1970లో భట్నాగర్ పురస్కారం, 1981లో పద్మభూషణ్. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఆ కుర్చీ ఎక్కిన మొదటి భారతీయుడు ఆయనే. 1982 ఆగస్టులో గ్రీసు దేశంలోని పట్రాస్‌లో ఆ సంఘం మహాసభ. అధ్యక్షుడిగా ఆయన నడపవలసిన సభ. కానీ గుండె జబ్బు చేసి జర్మనీలోని మ్యూనిక్‌లో ఆపరేషను చేయించుకోవలసి వచ్చింది. ఆగస్టు 19న అక్కడే కన్నుమూశారు. 55 నిండి తొమ్మిది రోజులు. పెద్ద దుర్భిణీ ఇంకా పూర్తి కాలేదు.

దాన్ని ఆయన శిష్యులు, పనివాళ్ళు పూర్తి చేశారు. 1986 జనవరి 6న అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి ప్రారంభించి, దుర్భిణీకీ అబ్జర్వేటరీకీ వైను బప్పు పేరు పెట్టారు. 1988లో కావలూరులోని మరో దుర్భిణీతో కొత్త గ్రహశకలాన్ని కనిపెట్టి దానికి గణితవేత్త రామానుజన్ పేరు పెట్టుకున్నారు.

ఇంతకీ ఆకాశం ఎక్కడ అయిపోతుంది? ఈ ప్రశ్న వదిలేస్తే మా వాడు నన్ను వదలడు. ఇవాళ తెలిసినది చెబుతాను. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్ళు. అంతకు ముందు బయలుదేరిన వెలుగు లేదు కాబట్టి మనం చూడగల దూరానికి ఒక హద్దు ఉంది. విశ్వం విస్తరిస్తూ ఉన్నందున ఆ హద్దు ఇప్పుడు అన్ని వైపులా సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అది గోడ కాదు. మిద్దె మీద నుంచి చూస్తే నేల, నింగి కలిసినట్టు కనబడే గీతలాంటిది. ఆ గీత దాటి కూడా చేన్లు, ఊళ్ళు ఉన్నట్టే, హద్దుకు అవతల కూడా విశ్వం ఉందనే శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అది అంతులేనిదా, లేక అంతుండీ మన కొలతకు అందనంత పెద్దదా అన్నది తేలలేదు. విశ్వపు వంపును కొలిస్తే ఇంతవరకూ చదునుగానే వస్తోంది. చదునైతే అనంతం కావచ్చు. కానీ చెరువు నీళ్ళు కూడా చదునుగానే కనబడతాయి, భూమి మాత్రం గుండ్రం. వేరే విశ్వాలు ఉన్నాయా అంటే, ఉండవచ్చునని కొన్ని సిద్ధాంతాల లెక్కలు చెబుతున్నాయి, ఒక్క ఆధారం కూడా ఇంకా చేతికి రాలేదు. భజనలోని అనంతకోటి బ్రహ్మాండాలు భక్తుడి మాట. దాన్ని గౌరవిస్తాను, రుజువుగా మాత్రం చూపించను. నూరేళ్ళ క్రితం ఆండ్రోమెడా కూడా ఇలాగే ఉండవచ్చు, ఉండకపోవచ్చు అన్న స్థితిలోనే ఉండేది.

మా వాడు ఇప్పుడు మేస్త్రీ అయ్యాడు. పోయిన పండగకు ఊరికొచ్చినప్పుడు ఇదంతా వాడికి చెప్పాను. అంతా విని, నల్ల గీత నడుమ వెలుగు గీత ఎందుకు వస్తుందని అడిగాడు. నక్షత్రం ఉపరితలం పైన ఇంకా వేడి పొర ఒకటి ఉంటుంది, అక్కడి కాల్షియం ఆ వెలుగు ఇస్తుందని చెప్పాను. నక్షత్రం కాంతి పెరిగితే గీత వెడల్పు ఎందుకు పెరగాలని అడిగాడు. దానికి శాస్త్రజ్ఞులే పూర్తిగా ఒక మాట మీదికి రాలేదని చెబితే నవ్వాడు.

తమ్ముళ్ళకు ఒక గుర్తు చెబుతాను. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఎనిమిది గంటలకు మిద్దె ఎక్కి తూర్పు నుంచి నడినెత్తి వైపు చూడండి. మృగశిరలో మూడు చుక్కలు ఒక వరుసలో ఉంటాయి. ఆ వరుసను పైకి పొడిగిస్తే నారింజ రంగులో ఒక పెద్ద చుక్క కనబడుతుంది. అదే రోహిణి. రోహిణి కార్తె అంటే మనకు రోళ్ళు పగిలే ఎండ. కానీ ఆ కార్తెలో రోహిణి కనబడదు, సూర్యుడే అక్కడికి చేరి ఉంటాడు. చల్లని కాలంలోనే చూడాలి. సూర్యునికన్నా చల్లనిది, చాలా పెద్దది, విల్సన్–బప్పు నియమానికి సరిపోయే జాతి నక్షత్రం. దాని దూరం సుమారు 65 కాంతి సంవత్సరాలు. మీరు చూసే వెలుగు అక్కడ బయలుదేరినప్పుడు బప్పు గారు కావలూరు కోసం ఇంకా కొండలు వెతుకుతూ ఉన్నారు.